మన వీధి కింది మోరీ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా లాలాపేట్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా డిసెంబరు 17న మనం కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పి, పెన్షన్ అనేది యజమాని దయ తలచి ఇచ్చేది కాదని తేల్చింది. ఆనవాయితీ ప్రకారం ఈ సభలో ఆ తీర్పు గురించి, కరువు భృతి బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి వక్తలు మాట్లాడతారు. మాట్లాడవలసినవే. ఈసారి కార్యదర్శిగారు, "మీరు ఏదైనా కాలనీకి పనికొచ్చే విషయం చెప్పండి సార్" అన్నారు. మోరీ గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "భోజనాలకు ముందా, తరువాతా?" అని అడిగారు. ముందే పెట్టించుకున్నాను. భోజనం తరువాత మన వయసు వాళ్ళలో మేలుకొని వినేవారు తక్కువ.

నేను ఇంజనీరును కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పని చేసినవాణ్ణి. నాకు వచ్చిన విద్యల్లా ఒక కాగితం ఎక్కడ పుట్టింది, ఎవరి బల్ల మీద ఆగింది, ఎందుకు ఆగింది అని వెంబడించడం. మురుగును కూడా అలాగే వెంబడించాను. ఫైలు పైకి పోవాలి, మురుగు కిందికి పోవాలి. రెండూ ఆగిపోయేది మధ్యలోనే.

హైదరాబాదు మురుగు కథ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదతో మొదలైందని చెప్పుకోవచ్చు. వేల మంది ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపమని ఆయన సలహా ఇచ్చారు. ఆ ప్రకారం ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. నగరానికి భూగర్భ డ్రైనేజీ ఉండాలని కూడా ఆయనే చెప్పారన్నది అంతగా తెలియదు. చెరువు కడితే చూడడానికి జనం వెళతారు. గొట్టం పాతిపెడితే ఎవరు చూస్తారు?

ఆ గొట్టాల వ్యవస్థకు మామూలుగా చెప్పే సంవత్సరం 1931. సుమారు 54 చదరపు కిలోమీటర్లకు, 5 లక్షల జనానికి సరిపోయేలా వేశారు. 1931 జనాభా లెక్కల్లో నగర జనాభా 5 లక్షల లోపే, అంటే కొంచెం ముందుచూపుతోనే వేశారన్నమాట. 2011 లెక్కల్లో మహానగర పాలక సంస్థ పరిధిలోని జనం 67 లక్షల పైచిలుకు. మన పక్కనే ఉన్న ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కూడా ఆ రోజుల్లోదే. 1934లో పునాది పడింది, 1939 డిసెంబరులో ప్రారంభమైంది. దాని ముందు నిలబడి ఫోటో దిగని కుటుంబం లాలాపేట్, తార్నాకల్లో ఉండదు. ఆ ఊరికే, ఆ కాలంలోనే వేసిన మురుగు గొట్టాలకు మాత్రం అలాంటి భాగ్యం లేదు.

నా చిన్నతనంలో పాతబడిన ఇళ్ళలో ఇంకా తట్ట పాయఖానాలు ఉండేవి. వెనక సందులోంచి ఒక మనిషి వచ్చి ఎత్తుకుపోయేవాడు, లేదా ఒక ఆడమనిషి. ఇక్కడున్న పెద్దల్లో చాలామందికి ఆ సందు గుర్తుండే ఉంటుంది. డ్రైనేజీ కనెక్షన్ రాగానే ఆ మనిషికి ఆ పని తప్పిందని అందరం అనుకున్నాం. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు ఈ వ్యవస్థను ఎవరు చూస్తారో చెబుతాను. 1989లో శాసనసభ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ మెట్రోపాలిటన్ వాటర్ సప్లై అండ్ సివరేజ్ బోర్డు ఏర్పడింది. పత్రికలు జలమండలి అంటాయి. మనం ఇప్పటికీ వాటర్ వర్క్స్ అనే అంటాం. మంచినీళ్ళు తెచ్చేదీ, మురుగు తీసుకుపోయేదీ ఆ ఒక్క సంస్థే. 2007లో చుట్టుపక్కల పురపాలికలు నగరంలో కలిసిన తరువాత శివారు మురుగు లైన్లు చాలాకాలం కార్పొరేషన్ చేతిలో ఉన్నాయి. 2021లో వాటినీ జలమండలికి అప్పగించారు. వాన నీటి కాలువలు, నాలాలు మాత్రం మునిసిపల్ కార్పొరేషన్ బాధ్యత. మామూలు మనిషికి ఈ తేడా తెలియదు. రోడ్డు మీద నల్లటి నీళ్ళు పారుతుంటే అది వాన కాలువదా, మురుగు లైనుదా అని ముక్కు పెట్టి చూడలేడు కదా. నేనే ఒకసారి ఒక ఫిర్యాదు పట్టుకుని మూడు రోజులు రెండు కార్యాలయాల మధ్య తిరిగాను. ఒకరు మాది కాదన్నారు. ఇంకొకరు మాదే గాని ఆ సెక్షన్ కాదన్నారు. నా సర్వీసు రోజులు గుర్తొచ్చి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ఇప్పుడు గొట్టం సంగతి. ఇంటి నుంచి ఆరంగుళాల గొట్టం బయటకు వచ్చి వీధిలో ఎనిమిదంగుళాల లైనులో కలుస్తుంది. అలాంటివి కొన్ని కలిసి ఇంకా పెద్ద లైను, అవి కలిసి మనిషి పట్టేంత ట్రంకు మెయిను అవుతాయి. సుమారు 30 మీటర్లకు ఒకటి చొప్పున, మలుపు ఉన్న చోటా, రెండు లైన్లు కలిసే చోటా మ్యాన్‌హోల్ ఉంటుంది. పాత లైన్లు స్టోన్‌వేర్ గొట్టాలు, అంటే ఊరగాయ జాడీలాగా పూత పూసి కాల్చిన మట్టివి. తరువాత వచ్చినవి సిమెంటు గొట్టాలు.

మంచినీళ్ళ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. మురుగు లైనులో మామూలుగా మోటారు లేదు, పంపు లేదు, వాలు ఒక్కటే. ఎనిమిదంగుళాల లైనుకు సుమారు 250 అడుగుల దూరానికి ఒక అడుగు దిగేలా వాలు ఇస్తారు. ఆ వాలులో నీరు సెకనుకు కనీసం రెండడుగుల వేగంతో పోవాలి. అంటే ఉదయం పూట మనం కాంపస్‌లో నడిచే నడకకన్నా కాస్త నెమ్మది. ఆ వేగం ఉంటే ఇసుకను, మడ్డిని నీరే తోసుకుపోతుంది, లైను తన్ను తానే కడుక్కుంటుంది. వేగం తగ్గిందా, మడ్డి అడుగున కూర్చుంటుంది. కూర్చున్న మడ్డి వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఒకచోట గొట్టం కుంగినా, ఒక గుడ్డపీలిక అడ్డం పడినా కథ అక్కడే మొదలవుతుంది. గొట్టం నిండుగా పారకూడదు. పైన కొంత గాలికి ఖాళీ ఉండాలని లెక్క వేసి వేస్తారు.

ఇంక మనం ఆ గొట్టానికి ఏం చేశామో చూడండి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు ప్రమాణం అనుకుంటే, అందులో 80 శాతం మురుగై తిరిగి వస్తుందని ఇంజనీర్ల లెక్క. ఐదుగురున్న ఇంటి నుంచి రోజుకు 540 లీటర్లు. మనలో ఎంతమందిమి ఆ ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చామో చేతులెత్తమని అడగను. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు, ముసలితనంలో పెద్ద ఇల్లు చూసుకోలేం, ఇవ్వడంలో తప్పేమీ లేదు. అయితే అదే స్థలంలో 20 ఫ్లాట్లు లేచి, ఒక్కొక్క దానిలో నలుగురు చొప్పున 80 మంది వస్తే రోజుకు 8,640 లీటర్లు. పాతదానికి 16 రెట్లు. వీధిలో లైను మాత్రం అదే ఎనిమిదంగుళాలది. బిల్డరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు పార్కింగు ఎవరికి, ఏ అంతస్తు ఎవరికి అని గీతలు గీసి మరీ అడుగుతాం. బయటి మురుగు కనెక్షన్ ఏ సైజు, సిల్టు చాంబరు ఎక్కడ కడతావు అని అడిగినవారిని నేను చూడలేదు. ఇకమీదట అడగండి. సిల్టు చాంబరంటే లైనులో కలిసే ముందు ఇసుక, చెత్త ఆగిపోయే చిన్న తొట్టి. అపార్ట్‌మెంట్లకు, హోటళ్ళకు అది తప్పనిసరి అని జలమండలి ఎన్నోసార్లు చెప్పింది.

దీనికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. మేడ మీది వాన నీటి గొట్టాన్ని తీసుకొచ్చి మురుగు చాంబరులో కలపడం. 200 గజాల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 8,360 లీటర్ల నీళ్ళు. ఇందాక చెప్పిన 20 ఫ్లాట్ల ఒక రోజు మురుగుకు అది దాదాపు సమానం. ఒక్క ఇంటి డాబా అది గంటలో చేస్తుంది. వీధిలో పది డాబాలు అలా కలిపితే, వాన కురిసిన అరగంటకు లైను పొంగి, ఎవరి ఇల్లు పల్లంలో ఉందో వారి బాత్‌రూంలోంచి పైకి వస్తుంది. పైనున్న వాళ్ళకు ఏమీ తెలియదు. 2000 ఆగస్టు వానల్లో, 2020 అక్టోబరు వానల్లో చెరువులు తెగడం, నాలాలు పొంగడం టీవీలో చూశాం. కింది అంతస్తుల్లో స్నానాల గదుల్లోంచి పొంగిన మురుగును టీవీ వాళ్ళు చూపలేదు. ఆ నీటిని ఇంకుడు గుంతలోకి వదిలితే మీ బోరుకే మేలు.

మరి మామూలు రోజుల్లో లైను ఎందుకు మూసుకుపోతుంది? మ్యాన్‌హోల్ శుభ్రం చేసేటప్పుడు నేను ముక్కుకు తుండు కట్టుకుని పక్కన నిలబడి చూశాను. వచ్చినవి చెబుతాను. చీర పీలికలు, నేల తుడిచే గుడ్డ, కొబ్బరి పీచు, తలవెంట్రుకల ఉండలు, పాలిథిన్ సంచులు, గడ్డకట్టిన నూనె. పక్కన ఇల్లు కట్టేవారు పారబోసిన సిమెంటు పాలు గట్టిపడి రాయిలా వచ్చింది. శానిటరీ ప్యాడ్లు వచ్చాయి. ఇంకొకటి చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. పెద్దవాళ్ళ డైపర్లు వచ్చాయి. అవి వాడేది మన వయసువాళ్ళమే. వాడటంలో సిగ్గు లేదు, ఈ వయసులో అది మందుబిళ్ళలాంటిదే. కాని అది నీటిలో ఉబ్బి నాలుగింతలవుతుంది. కాగితంలో చుట్టి చెత్తబండికి విడిగా ఇవ్వాలి. కోడళ్ళకు చెప్పడానికి మొహమాటపడి కమోడులో వేసి నీళ్ళు వదిలేవారున్నారు. ఆ మొహమాటం వీధి చివర మ్యాన్‌హోల్‌లో తేలుతుంది.

లైను దాటిన మురుగు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి గదా. కాంపస్‌కు అవతల వైపు అంబర్‌పేట. అక్కడ మూసీ ఒడ్డున పెద్ద శుద్ధి కేంద్రం ఉంది. జాతీయ నదీ పరిరక్షణ పథకం కింద కట్టిన ఆ కేంద్రం సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు, అంటే 33 కోట్ల 90 లక్షల లీటర్లు. ముందు జల్లెళ్ళు చెత్తను ఆపుతాయి, తరువాత ఇసుక దిగుతుంది. ఆపైన మురుగును పెద్ద తొట్టి అడుగు నుంచి పైకి పంపిస్తారు. మధ్యలో మడ్డి దుప్పటిలా తేలుతుంటుంది. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అందులో ఉండి మలినాన్ని తినేసి గ్యాసు వదులుతాయి. గోబర్ గ్యాసు చూసినవారికి ఇది కొత్త కాదు. కొత్తగా వచ్చే కేంద్రాల్లో పద్ధతి వేరు. ఒకే తొట్టిలో వంతులవారీగా నింపడం, గాలి కొట్టడం, తేరనివ్వడం, తేటను తీసేయడం.

2021లో ప్రభుత్వం లెక్కలు చెప్పినప్పుడు నగరంలో రోజుకు 1,650 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, ఉన్న 25 కేంద్రాలు 772 మిలియన్ లీటర్లకు సరిపోయేవి. అంటే సగానికన్నా తక్కువ. మిగతాది నేరుగా చెరువులకు, నాలాలకు, మూసీకి. ఆ ఏడు 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త కేంద్రాలు మంజూరయ్యాయి, వాటి సామర్థ్యం 1,259.5 మిలియన్ లీటర్లు. 2023లో కోకాపేట, దుర్గం చెరువుల దగ్గరవి మొదలయ్యాయి. కేంద్రం కట్టగానే సరిపోదు, మురుగు దాని దాకా చేరాలి. చేర్చేది మన వీధి కింది గొట్టమే.

శుద్ధి కాని నీరు మూసీలో పడి దిగువకు పోతుంది. ఆ నీటితోనే నగరం దాటిన తరువాత ఒడ్డు పొడవునా పశువుల గడ్డి, వరి పండిస్తున్నారు. ఎండాకాలంలో కూడా పారే నీరు కాబట్టి రైతుకు అది ఆధారం. ఆ నీటిలో పనిచేసిన కాళ్ళకు దురదలు, పుండ్లు. ఆ గడ్డి మేసిన గేదె పాలు మళ్ళీ ఊళ్ళోకి. మనం పంపేసిందనుకున్నది ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు ఇందాక ఆపిన మాటకు వస్తాను. లైను మూసుకుపోతే ఎవరు తీస్తారు?

మ్యాన్‌హోల్‌లో మడ్డి కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కోడిగుడ్డు మురిగిన వాసన. ఈ వాయువే తేమతో కలిసి ఆమ్లమై సిమెంటు గొట్టం పైకప్పును తినేస్తుంది. ఉన్నట్టుండి రోడ్డు కుంగడానికి అదొక కారణం. సిమెంటునే తినేది ఊపిరితిత్తులను ఏం చేస్తుందో ఊహించండి. దీనిలో ఒక మోసముంది. కొంచెం ఉంటే వాసన తెలుస్తుంది. గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళ దాకా పెరిగేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది గదా అని దిగుతాడు. ఇంకా ఎక్కువుంటే ఒకటి రెండు ఊపిరులకే పడిపోతాడు. పైనున్నవాడు తన తోటివాణ్ణి చూసి ఆగలేక దిగుతాడు, అతడూ పడిపోతాడు. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో ఒకే మ్యాన్‌హోల్ దగ్గర నలుగురు పోయారు. 2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరూ మన ఆంధ్ర ప్రాంతం నుంచి పనికి పోయినవాళ్ళే. వాళ్ళు పడిపోతే, దారిన పోయే ఒక ఆటోడ్రైవరు కాపాడబోయి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. అతనికి వాళ్ళు ఏమీ కారు, భాష కూడా వేరు.

తట్ట ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో దానికన్నా గట్టిది వచ్చింది. గుమాస్తాను కాబట్టి ఆ చట్టం తెప్పించుకుని చదివాను. 7వ సెక్షను ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు లైనులో గాని, సెప్టిక్ ట్యాంకులో గాని దింపి శుభ్రం చేయించకూడదు. ఈ నిషేధం ప్రభుత్వ సంస్థలకూ కాంట్రాక్టర్లకూ మాత్రమే అనుకుంటాం. "ఏ వ్యక్తీ" అనే అర్థం అందులో స్పష్టంగా ఉంది. అంటే కాలనీ సంఘం కార్యదర్శి కూడా, ఇంటి యజమాని కూడా. మొదటి నేరానికి 2 ఏళ్ళ వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే 5 ఏళ్ళు, 5 లక్షలు. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించడం పూర్తిగా ఆగాలని ఆదేశించింది. ఆ ఆరింటిలో హైదరాబాదు ఒకటి.

ఈ చట్టాలు తమంతట తాము రాలేదు. కోర్టుకెక్కిన సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థను నడిపిన బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఆయన ఇంట్లోవారు చేసింది ఆ తట్ట పనే. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మన పిల్లలకు చెప్పవలసిన పేరు.

చట్టం ఇలా ఉండగా మన కాలనీల్లో ఏం జరుగుతోందో మీకు తెలుసు. నాకు తెలిసిన ఒక వీధిలో రెండేళ్ళ కింద వానాకాలంలో లైను పొంగింది. పల్లంలో ఉన్న ఇంట్లో ఎనభై దాటిన ఒక ఫ్యామిలీ పెన్షనర్ ఒక్కరే ఉంటారు. బాత్‌రూం నిండి వంటింటి గడప దాకా వచ్చింది. సంఘం వాళ్ళు ఇంటికి ఇంత అని చందా వేసి, ఎవరో చెబితే ఒక మనిషిని తీసుకొచ్చారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. నడుముకు ఒక తాడు, చేతిలో ఒక బకెట్టు, అంతే. నేను వద్దన్నాను. అతనే నాకు నచ్చజెప్పాడు: "ఏం గాదు సార్, పదిహేనేండ్ల సంది దిగుతున్న. కొంచెం మందు ఏస్కుంటే వాసన గూడ తెల్వది." సంఘం కుర్రవాళ్ళు, "అంకుల్, మెషీన్ ఎప్పుడొస్తదో ఏమో, ఆ ముసలామె ఎట్లుంటది?" అన్నారు. వాళ్ళన్నదీ అబద్ధం కాదు. అప్పుడు ఆవిడే గుమ్మంలోకి వచ్చి, "బాబూ, నేను ఈ రాత్రికి మా చెల్లెలింటికి పోతాను. ఆ పిల్లవాణ్ణి మాత్రం దింపకండి. పొద్దున లేచి ఆ మూత నేను చూడలేను" అన్నారు. ఆ మాటతో అందరూ ఆగారు.

మరునాడు మధ్యాహ్నం జలమండలి యంత్రం వచ్చింది. గొట్టంలోకి ఒత్తిడితో నీటిని కొట్టి ముప్పావుగంటలో లైను తెరిచింది. అంత సేపూ ఆ మనిషి అక్కడే నిలబడ్డాడు. చివర నా దగ్గరకు వచ్చి, "మీరు మంచిగనే చేసిన్రు సార్, గని నా రోజు పోయింది" అన్నాడు. ఈ మాటకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. పైనుంచే చేయగల పని, అంటే ఇళ్ళ ఆవరణలోని సిల్టు చాంబర్ల చెత్తను గడపారతో, పారతో తీసే పనిని గ్లవ్స్, బూట్లు కొనిచ్చి రెండు రోజులు అతనికిచ్చారు. అది రెండు రోజుల మాటే. మురుగు పనివారిని లెక్కించి, రక్షణ సామగ్రి, ఆరోగ్య బీమా కార్డు ఇవ్వడానికి 2023లో కేంద్రం నమస్తే అనే పథకం తెచ్చింది. ఇలా చందాల మీద పిలిపించుకునే మనుషులు ఆ జాబితాలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు దరఖాస్తు రాసిపెట్టాలి. ఇంతమంది రిటైరైన గుమాస్తాలం ఉన్నాం. దరఖాస్తు రాయడం మనకు రాని విద్యా?

యంత్రం మన సందులోకి రాదని కొందరంటారు. పాత పెద్ద లారీలు రావు, నిజమే. అందుకే 2017లో జలమండలి ఇరుకు సందుల్లో తిరిగే చిన్న జెట్టింగ్ యంత్రాలను 70 దాకా రంగంలోకి దింపింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం తోడ్పాటుతో వాటి యజమానులుగా కొత్తవారు వచ్చారు. కొన్ని ఇతర నగరాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఈ విషయంలో మన ఊరు ముందు నడిచిందని ఒప్పుకోవాలి. నేను విమర్శించడానికే వచ్చానని అనుకోకండి.

పొంగితే చేయవలసింది ఇది. జలమండలి ఫిర్యాదు నంబరు 155313. మీ నీటి బిల్లు మీద క్యాన్ నంబరు ఉంటుంది, అది చెప్పండి. నీళ్ళు ఉచితమైన తరువాత చాలామంది బిల్లు కాగితం దాచడం మానేశారు. దాచండి. ఫిర్యాదు నమోదైన నంబరు, తేదీ, టైము రాసుకోండి. నంబరు లేని ఫిర్యాదు టపాలో వేయని ఉత్తరం లాంటిది. యంత్రం పంపమని అడగండి. వచ్చినవారు మనిషిని దింపబోతే వద్దనండి. వాన పడుతుంటే నీళ్ళు పోవాలని రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత మీరు తెరవవద్దు, పిల్లలను తెరవనివ్వవద్దు. 2023 ఏప్రిల్‌లో వాన కురిసిన ఒక ఉదయం, సికింద్రాబాద్ కళాసిగూడలో పాలకని బయలుదేరిన ఒక చిన్నారి నాలాలో పడి ప్రాణం పోగొట్టుకుంది. మనకు ఇక్కడికి ఎంత దూరమది? లోతైన మ్యాన్‌హోళ్ళకు ఎర్ర రంగు వేసి లోపల జాలీ బిగిస్తున్నారు. మీ వీధిలో అలాంటిదానికి జాలీ లేకపోతే అదీ ఫిర్యాదే.

చివరగా ఒక చిన్న పని. వెనక బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాను, నిలువు గీతలు కొట్టి ఉంది. మీ వీధి పేరు, మ్యాన్‌హోల్ ఎవరి ఇంటి ఎదుట ఉంది, మూత సరిగా ఉందా పగిలిందా, వానకు పొంగుతుందా అని నాలుగు గడులు. ఐదో గడి ఫిర్యాదు నంబరుకు, అది ఖాళీగా వదిలేయండి, తరువాత నేను నింపుతాను. భోజనానికి లేచే ముందు రాయండి. కళ్ళజోడు మరచి వచ్చినవారు నోటితో చెప్పండి, నేను రాసుకుంటాను. సెలవు.